జకార్తా 1962: ఒక అభ్యంతరం, ఒక బంగారు పతకం

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మనం కరువు భత్యం బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం కాబట్టి కాస్త వేరే విషయం ఉంటే బాగుంటుందన్నారు కార్యదర్శిగారు. "మీకు ఆటల పిచ్చి ఉంది కదా, దాని మీద మాట్లాడండి" అన్నారు. ఆడే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు నేను ఆడే ఆటల్లా బ్యాంకు మెట్లు ఎక్కి దిగడం, ఏడాదికోసారి బతికే ఉన్నానని రుజువు చూపించుకోవడం. అయినా పెద్దల మాట కాదనలేక ఒప్పుకున్నాను. 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన నాలుగో ఆసియా క్రీడల గురించి చెబుతాను. దానికీ గుమాస్తాగిరీకీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఉంది. అది చివర మనవి చేస్తాను.

1962 సెప్టెంబరు 5వ తేదీ. అప్పుడు నాకు పదమూడో ఏడు. హైదరాబాదులో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ ఏడాది మే నెలలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకోవడం ఆ ఏడాదితోనే మొదలు. పొద్దున్నే వెళ్లి బడికి మామిడాకుల తోరణాలు కట్టాం. ప్రార్థన అయ్యాక మా డ్రిల్ మాస్టారు ముందుకొచ్చారు. "నిన్న జకార్తాలో మనవాళ్లు ఫుట్‌బాల్‌లో బంగారు పతకం గెలిచారర్రా! ఆ జట్టుకు ఆట నేర్పిందెవరనుకున్నారు? మన ఊరి బడిపంతులు. పంతుళ్ల పండగకి ఇంతకంటే ఏం కావాలి?" అన్నారు. సొంత డబ్బుతో తెచ్చిన పిప్పరమెంట్లు అందరికీ పంచారు.

చాలా ఏళ్ల వరకూ ఆ పతకం అంటే నాకు ఆ పిప్పరమెంటు తీపే గుర్తు. దాని వెనక ఎంత గొడవ జరిగిందో ఉద్యోగంలో చేరాక, పాత పత్రికలూ పుస్తకాలూ తిరగేసినప్పుడు తెలిసింది.

ముందుగా ఒక పెద్దమనిషి గురించి చెప్పాలి. ఆయన పేరు గురుదత్ సొంధీ. లాహోరు ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన విద్యావేత్త. ఆసియా దేశాలన్నీ ఒకచోట చేరి ఆడుకోవాలన్న ఆలోచనకు రూపం ఇచ్చింది ఆయనే. 1948 లండన్ ఒలింపిక్స్ సమయంలో అక్కడికి వచ్చిన ఆసియా దేశాల ప్రతినిధులతో మాట్లాడి నచ్చజెప్పారు. 1949 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఆసియా క్రీడల సమాఖ్య ఏర్పడింది. 'ఎప్పుడూ ముందుకే' అన్న అర్థం వచ్చే నినాదాన్ని దానికి ఇచ్చింది కూడా సొంధీగారే.

మొదటి క్రీడలు 1950లో జరగాలి. ఏర్పాట్లు పూర్తికాక 1951 మార్చికి వాయిదా పడ్డాయి. గడువుకు పని పూర్తికాకపోవడం మనకేమీ కొత్త కాదు కదా! ఢిల్లీలో 11 దేశాలు పాల్గొన్నాయి. ఫుట్‌బాల్‌లో మనవాళ్లు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తీసుకున్నారు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారే మా డ్రిల్ మాస్టారు చెప్పిన బడిపంతులు, హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. తరవాత 1954లో మనీలాలో, 1958లో టోక్యోలో ఆసియా క్రీడలు జరిగాయి. నాలుగో క్రీడల అవకాశం జకార్తాకు దక్కింది.

ఇండోనేషియా మనకు పరాయి దేశం కాదు. 1950లో మన మొట్టమొదటి గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చింది ఆ దేశాధ్యక్షుడు సుకర్ణోయే. 1955లో బాండుంగ్ సమావేశంలో ఆయనా, నెహ్రూగారూ ఆసియా, ఆఫ్రికా దేశాల ఐక్యత గురించి ఒకే గొంతుతో మాట్లాడారు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన పేద దేశం తన సత్తా లోకానికి చూపించుకోవాలని ఆరాటపడింది. సోవియట్ యూనియన్ సాయంతో సెనయాన్ అనే చోట లక్షమంది పట్టే స్టేడియం కట్టారు. విదేశీ అతిథుల కోసం పెద్ద హోటల్ కట్టారు. కూడలిలో స్వాగత స్తంభం నిలబెట్టారు. 1962 ఆగస్టు 24న జరిగిన ప్రారంభోత్సవాన్ని చూపించడంతోనే ఆ దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. ఇంటికి పెళ్లి వస్తే అప్పు చేసి సున్నాలు వేయించుకుంటాం చూడండి, అలాగన్నమాట.

అయితే పెళ్లికి పిలవాల్సిన ఇద్దరు చుట్టాలను వాళ్లు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలు రెండూ సమాఖ్యలో సభ్యులు. 1954లోనూ, 1958లోనూ వచ్చి ఆడినవే. అరబ్బు దేశాలు, చైనా నొచ్చుకుంటాయని ఆ రెండు దేశాల క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. రాజకీయంగా వారి కారణాలు వారికి ఉండవచ్చు. కానీ సభ్యదేశాలన్నింటినీ సమానంగా రానివ్వాలన్నది క్రీడల నియమం.

అప్పుడు సొంధీగారు నోరు విప్పారు. అప్పటికి ఆయన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యులు, ఆసియా సమాఖ్యలో ఉపాధ్యక్షులు. సభ్యదేశాలను రానివ్వనప్పుడు వీటిని 'నాలుగో ఆసియా క్రీడలు' అని పిలవడం కుదరదు, ఆ పేరు తీసేయాలి అన్నారు. ఇది మన భాషలో చెప్పాలంటే ఫైలు మీద రాసిన అభ్యంతరం. 'నిబంధనల ప్రకారం కుదరదు, తమ ఆదేశముల కొరకు సమర్పించడమైనది' అని మనం రాసేవాళ్లమే, అది. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య కూడా ఇదే కారణంతో పట్టుబట్టింది. ఆ పోటీలు రద్దయ్యాయి. అథ్లెటిక్స్ సమాఖ్య హెచ్చరించినా ఆ పోటీలు మాత్రం జరిగాయి. మన మిల్ఖా సింగ్ 400 మీటర్లలో బంగారు పతకం గెలిచింది అక్కడే.

సొంధీగారు మాట్లాడింది క్రీడా సంస్థల సభ్యుడిగా. భారత ప్రభుత్వం తరఫున కాదు. కానీ వీధిలో జనానికి ఆ తేడా ఎవరు చెబుతారు? పెళ్లి పందిట్లో మా పరువు తీసింది భారతదేశం అని వాళ్లు అనుకున్నారు. అప్పు చేసి ఇల్లు కట్టుకున్నవాడి బాధ అది, దాన్నీ మనం అర్థం చేసుకోవాలి. సెప్టెంబరు 3న వేలమంది ఊరేగింపుగా వెళ్లి జకార్తాలోని మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. సొంధీగారు అదే రోజు ఆ దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. తాను పుట్టించిన క్రీడల ముగింపు చూడకుండానే ఆయన విమానం ఎక్కారు.

ఆయన వెళ్లిపోయారు. ఆటగాళ్లు మాత్రం అక్కడే ఉన్నారు. ఆ మర్నాడే, సెప్టెంబరు 4న, ఫుట్‌బాల్ ఫైనల్.

ఇక్కడ రహీం గారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన ఉస్మానియాలో చదివి బడిపంతులుగా చేరారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆడినవాళ్లంతా చిన్న జీతాల మీద బతికే ఉద్యోగులు. మనలాంటివాళ్లే. పిల్లలకు రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలని, వాటం లేని కాలితోనే ఆడాలన్న షరతు పెట్టి పోటీలు నడిపేవారట. అది పంతులుగారి బుర్ర! 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. ఆ అవమానం దిగమింగి నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి చేర్చారు రహీం గారు. జకార్తా వెళ్లేనాటికి ఆయన ఒంట్లో క్యాన్సరు ఉంది.

జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తరవాత థాయ్‌లాండ్ మీద 4-1తో, జపాన్ మీద 2-0తో గెలిచాం. థాయ్‌లాండ్ ఆటలో వెనక వరసలో ఆడే జర్నయిల్ సింగ్ తలకు గట్టి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని ఇంటికి పంపించేవారు. రహీం గారు అతన్ని వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డుగా ముందు నిలబెట్టారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. జర్నయిల్ అందులో గోల్ కొట్టాడు. ఫైనల్లో ఎదురైంది మళ్లీ అదే దక్షిణ కొరియా.

ఫైనల్ ముందురోజు రాత్రి రహీం గారు పిల్లల్ని కూర్చోబెట్టి, రేపు నాకో కానుక కావాలి, ఆ బంగారు పతకం తెచ్చిపెట్టండి అని అడిగారని ఆ జట్టువాళ్లు తరవాత చెప్పుకునేవారు. ఎప్పుడూ ఏదీ అడగని మేష్టారు అడిగితే పిల్లలకు ఎలా ఉంటుందో మన సభలో ఉన్న రిటైర్డు ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కర్లేదు.

మర్నాడు స్టేడియంలో దాదాపు లక్షమంది. మనవాళ్లు మైదానంలోకి అడుగుపెట్టింది మొదలు ఈలలు, కేకలు, వెక్కిరింతలు. మన జాతీయ గీతం వినిపించినప్పుడు కూడా గోల ఆగలేదని ఆటగాళ్లు చెప్పారు. బంతి మన కాలికి తగిలితే చాలు, హేళన. ఆ లక్షమందిలో మన జట్టు కోసం చప్పట్లు కొట్టినవాళ్లు కొద్దిమందే. వాళ్లెవరో తెలుసా? పాకిస్తాన్ హాకీ జట్టు! అవే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి బంగారు పతకం తీసుకున్న జట్టు. తమ ఆట తాము గెలిచాక, ఒంటరిగా నిలబడ్డ పొరుగువాడి పక్షాన చేరి చప్పట్లు కొట్టారు. ఈ సంగతి ఆనాటి మన ఆటగాళ్లే తరవాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు.

జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోల్ దగ్గర నిలబడ్డాడు. చునీ గోస్వామి కెప్టెన్. హైదరాబాదు సిటీ పోలీసు యూసుఫ్ ఖాన్, సికిందరాబాదు అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం ఆ పదకొండు మందిలో ఉన్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మూడు నిమిషాలకే, తలకు కుట్లతో ఆడుతున్న జర్నయిల్ సింగ్ రెండోది కొట్టాడు. ఆట ముగియవచ్చే వేళకు కొరియా ఒకటి తిరిగి కొట్టింది. అక్కడితో సరి. 2-1. మేష్టారు అడిగిన కానుక చేతికొచ్చింది.

తొమ్మిది నెలలు తిరగ్గానే, 1963 జూన్ 11న, రహీం గారు కన్నుమూశారు. ఆ తరవాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. 1970 బాంకాక్‌లో వచ్చిన కంచు పతకమే ఆఖరిది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి ఇద్దరూ 2020లో పోయారు. బలరాం 2023లో పోయారు. 2024లో రహీం గారి మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. మా మనవడు తీసుకెళ్లి చూపించాడు. "తాతయ్యా, ఇదంతా నిజంగా జరిగిందా?" అని అడిగాడు. పతకం నిజం, పంతులుగారు నిజం అన్నాను. పిప్పరమెంటు సంగతి కూడా చెప్పాను.

ఇక ఇండోనేషియా విషయం. 1963 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆ దేశాన్ని సస్పెండ్ చేసింది. అంటే సొంధీగారి అభ్యంతరం సబబేనని పైవాళ్లు ఒప్పుకున్నట్టే. సుకర్ణో ఊరుకోలేదు. ఆ నవంబరులోనే జకార్తాలో 'కొత్తగా ఎదుగుతున్న శక్తుల క్రీడలు' అని వేరే కుంపటి పెట్టారు. 1964లో సస్పెన్షన్ ఎత్తేసినా, ఆ వేరు కుంపటి క్రీడల్లో ఆడినవారిని రానివ్వమనడంతో ఇండోనేషియా టోక్యో ఒలింపిక్స్‌లో ఆడకుండానే వెనుదిరిగింది. అక్కడా నష్టపోయింది ఎవరు? ఏళ్ల తరబడి పరుగెత్తి, ఈదుకుని తయారైన పిల్లలు.

మిత్రులారా, గుమాస్తాగిరీకి సంబంధం ఉందన్నాను కదా. అది ఇక్కడ.

1987లో నేనొక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా ఉన్నాను. ఏ శాఖో, ఎవరో ఇప్పుడు అనవసరం. టెండర్లు పిలవకుండా కొన్న సామాను బిల్లు నా సీటుకు వచ్చింది. పాస్ చేయమని మాటగా చెప్పారు. నిబంధనల ప్రకారం చెల్లింపు కుదరదని నేను నోట్ పుటప్ చేశాను. ఇంటికి వెళ్లి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మంచి పని చేశాననుకున్నాను. ఇప్పటికీ ఆ నోట్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదనే అంటాను.

నెల తిరక్కుండా మా సెక్షన్‌కు సెక్షన్ చెదిరిపోయింది. ఒకే ఉత్తర్వులో నలుగురికి బదిలీ. అందులో నేనూ ఉన్నాను, అది నేను ఎదురుచూసిందే. కానీ ఆ నోట్‌తో ఏ సంబంధమూ లేని మా అటెండరును కూడా బస్సు పోని ఊరికి వేశారు. ఇంట్లో మంచంపట్టిన తల్లి. రిలీవయ్యే రోజున ఆయన నా దగ్గరకు వచ్చి, "మీరు రాసింది తప్పు కాదు సార్. కాకపోతే ముందు మాకొక మాట చెప్పుంటే, మేమూ మా జాగ్రత్తలో ఉండేవాళ్లం" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మర్చిపోయేవాడినేమో. ఆయన ఈ మధ్యే పోయాడు. కుటుంబ పెన్షన్ కాగితాలు నేనే రాసి, ట్రెజరీ చుట్టూ తిరిగి మంజూరు చేయించాను. దాంతో బాకీ తీరిందని నేను అనుకోవడం లేదు.

అందుకే జకార్తా కథ చదివినప్పుడల్లా నా మనసు ఆ ఫైనల్ మీదే ఆగదు. సొంధీగారు సరైన మాటే అన్నారు. ఆ మాట ఎవరో ఒకరు అనాలి. అనేవాడు లేకపోతే నియమం కాగితం మీదే మిగులుతుంది. కానీ అభ్యంతరం రాసిన చెయ్యి ఒకటి, దాని బరువు మోసిన భుజాలు వేరు. లక్షమంది వెక్కిరింపులు విన్నది ఆ పదకొండు మంది కుర్రాళ్లూ, జబ్బుతో ఉన్న ఒక పంతులుగారూ. ఎవరి మాటకో మేమెందుకు పడాలని వాళ్లు ఆట మానేసి రాలేదు. తిట్టినవాళ్లను తిరిగి తిట్టలేదు. తమకు వచ్చిన పని తాము చేసి చూపించారు. నా ఉద్దేశంలో ఆ బంగారు పతకం ఇద్దరిదీ. చరిత్రలో మాత్రం ఇద్దరి పేర్లూ పక్కపక్కన కనబడవు. మన ప్రత్యేక సంచికలోనైనా కనబడాలని ఈ విషయం ఎంచుకున్నాను.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2018లో ఆసియా క్రీడలు మళ్లీ జకార్తాకు వచ్చాయి. అదే సెనయాన్. ప్రారంభోత్సవం అదే పెద్ద స్టేడియంలో. బ్యాడ్మింటన్ ఆటలు ఆ పక్కనే, 1962 క్రీడల నాటి హాల్లో. ఆగస్టు 28న మహిళల సింగిల్స్ ఫైనల్లో మన తెలుగమ్మాయి పి.వి. సింధు ఆడింది. ఓడి వెండి పతకం తీసుకుంది. ఇంట్లో అందరూ ఉసూరుమన్నారు. నేను మాత్రం గెలిచిన అమ్మాయి పేరు చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆమె తై జు యింగ్. తైవాన్ అమ్మాయి. 1962లో ఏ దేశపు పిల్లల్ని గుమ్మం దాటనివ్వలేదో, ఆ దేశపు పిల్ల అదే ఊళ్లో బంగారు పతకం మెడలో వేసుకుని నిలబడింది. తైవాన్ వాళ్లు తమ సొంత పేరుతోనూ, సొంత జెండాతోనూ కాక 'చైనీస్ తైపే' పేరుతో ఆడుతున్నారనుకోండి. ఇజ్రాయెల్ అయితే 1974 టెహ్రాన్ క్రీడల తరవాత ఆసియా క్రీడల్లోనే లేదు. అంటే సొంధీగారి ఫైలు ఇంకా పూర్తిగా మూతపడలేదు. సగం అయినా పరిష్కారమైంది.

యాభై ఆరేళ్లు పట్టింది. మన బకాయిల ఫైలు అంతకంటే త్వరగా కదులుతుందని ఆశిద్దాం.

మనలో చాలామంది సర్వీసులో ఎప్పుడో ఒకప్పుడు సరైన నోట్ రాసినవాళ్లే, లేదా ఎవరో రాసిన నోట్‌కు మూల్యం చెల్లించినవాళ్లే. మొదటి రకం వాళ్లకు నాదొక్క విన్నపం. మీ వల్ల ఇబ్బంది పడ్డవాళ్లు ఇంకా ఉంటే, ఈ సభ అయ్యాక వెళ్లి ఒకసారి పలకరించండి. నాకు ఆ అవకాశం దాటిపోయింది.